గాజుల పక్కన గడియారం

ముందే చెప్తున్నాను, ఈ గడియారం మీద నాకు ప్రేమేమీ లేదు. ఇది రాస్తుంటే కూడా ఎడమ చేతికే ఉంది. మాటిమాటికి వెలుగుతుంది, ఆరుతుంది, పిలవకుండానే పలుకుతుంది. దీనివల్లే నా ప్రాణం దక్కిందని మా చుట్టాలు ఊరంతా చెప్పుకుంటున్నారు. వినీ వినీ విసుగొచ్చింది. దీనివల్ల ప్రాణం దక్కలేదు. ఒక రకంగా దీనివల్లే ఆలస్యమైంది. అయినా తీసి పారేయలేకపోతున్నాను. ఎందుకో చెప్పడానికే కూర్చున్నాను.

నా పేరు సుజాత. మాది కామారెడ్డి వైపు ఎల్లారెడ్డి. పదో తరగతి దాకా చదివి, పెళ్ళయి, అప్పటి నుంచి బీడీలు చుడుతున్నాను. ఇంట్లో మా అత్తమ్మ, నేను. కూతురు శ్రావణి కామారెడ్డిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మా ఆయన మస్కట్‌లో పెద్ద పెద్ద బిల్డింగులకు రంగులేస్తాడు. తాళ్ళకు వేలాడే తొట్టిలో నిలబడి చేసే పని. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయని మొదట్లో చెప్పేవాడు, ఇప్పుడు చెప్పడం మానేశాడు.

నాకు గుండె ఆపరేషన్ అయి కొన్ని నెలలు గడిచాయి. ఒళ్ళు కొంత కోలుకుంది, మనసు ఇంకా కుదుటపడలేదు. "రాసుకో అమ్మా, తేలికైతది" అని శ్రావణి పోరు పెట్టింది. తేలికవుతుందో లేదో నాకు తెలియదు. కానీ నాలాగే ఆయాసాన్ని పొగాకు మీదికి నెట్టేసి బీడీల చాట ముందు కూర్చున్న ఆడవాళ్ళు మా వైపు ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు చదివినా చాలు.

వానకాలం

పోయిన ఏడాది వానలు మొదలైన రోజుల్లో, మస్కట్‌లో మా ఆయన గదిలోనే ఉండే మాచారెడ్డి ఊరి మనిషి ఒకాయన అన్నం తిని పడుకొని మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. పెట్టెలో పెట్టి పంపిన శవాన్ని చూడడానికి మేమూ పోయాం. ఆయన భార్య పెట్టె మీద చెయ్యి వేసి "మొఖం సూపెట్టుండ్రి, మొఖం సూపెట్టుండ్రి" అని ఒకటే మాట. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అక్కడ మా ఆయనకు మాత్రం గుండె అంటేనే బెదురు పట్టుకుంది. కొద్ది రోజులకే, సెలవు మీద వచ్చేవాళ్ళెవరితోనో నాకు ఈ గడియారం పంపాడు.

శ్రావణితో అన్నీ సెట్ చేయించి, వీడియో కాల్‌లో చెప్పాడు. "నీ గుండె కొట్టుకునుడు నా ఫోన్ల కనబడ్తది సుజాతా. నేను యాడున్నా చూసుకుంట."

"నా గుండె చూసి ఏం జేస్తవయ్యా? మొఖం చూసి రెండేండ్లాయె" అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గానీ పెట్టుకుందామనే అనుకున్నాను. ఎడమ చేతి గాజులు తీయబోతుంటే అత్తమ్మ ఎక్కడుందో ఏమో ఉరికొచ్చింది.

"ఏందే గది? గాజులు దీసి గడియారం పెట్టుకుంటవా? నా కొడుకు సల్లగ ఉన్నడు గద, నీ చేతికేమొచ్చింది?"

అత్తమ్మ పేరు గంగవ్వ. మనిషి చిన్నది, నోరు పెద్దది. మామ పోయి పదేండ్లయింది. ఆనాడు గాజులు తీసేసిన చేతులకు ఆమె ఇంతవరకు ఏదీ వేసుకోలేదు. జాతరలో పూజారి ఎర్ర దారం కట్టబోయినా చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. "ఈ చేతులకింకేం గావాలె" అంటుంది. అటువంటి మనిషికి, మొగుడు బతికుండగా కోడలి చెయ్యి బోడిగా ఉండడమంటే ఇంటి మీదికి కీడును పిలిచినట్టే. చివరికి ఒక రాజీకి వచ్చాం. ఎడమ చేతికి మట్టి గాజులు ఉండాల్సిందే, వాటికి పైన, మోచేతి వైపు గడియారం. గాజులు టకటకా తగిలి మొదటి వారంలోనే దాని అద్దం మీద గీతలు పడ్డాయి.

అప్పటి నుంచి అది నాతో అన్ని చోట్లకూ వచ్చింది. వంటింట్లో దాని మీద పిండి పడేది, చాట ముందు కూర్చుంటే పొగాకు దుమ్ము పడేది. నాట్లప్పుడు దానికి పాలిథిన్ కవరు చుట్టి బురదలో దిగాను. స్నానానికి పోయినా, చావింటికి పోయినా తీసేదాన్ని. తీసిన కాసేపటికే ఫోన్ మోగేది. నస్రుల్లాబాద్‌లో చుట్టాల పెళ్ళికి పోయినప్పుడు, పట్టుచీర మీద అది బాగుండదని అత్తమ్మ తీయించి సంచిలో వేసింది. బంతిలో కూర్చొని పప్పు కలుపుకుంటుంటే ఫోను.

"చేతికి లేదేంది? ఏడన్న పడ్డవా?"

పక్కన కూర్చున్న ఆడవాళ్ళందరికీ వినబడింది. "ఏందే సుజాత, మీ ఆయన మస్కట్‌ల గూసోని నీ నాడి పట్టిండా?" అని ఒకటే నవ్వులు. సిగ్గుతో తల దించుకున్నాను. లోపల మాత్రం, అబద్ధమెందుకు, కొంచెం గర్వంగానే అనిపించింది.

ఇంకో సంగతి చెప్పాలి. బీడీలు చుట్టేటప్పుడు చాట ఒళ్ళో ఉంటుంది, కాళ్ళు కదలవు, చేతులే ఆడుతుంటాయి. ఆ చెయ్యి ఆడడాన్ని గడియారం నడక అనుకునేది. పొద్దంతా చాప మీంచి లేవని నాకు, సాయంత్రానికి భేష్ అన్నట్టు అద్దం మీద రంగురంగుల పూలు చల్లేది. మా ఆయన ఫోన్ చేసి "ఏందే, నాకంటే ఎక్కువ నడుస్తున్నవ్!" అనేవాడు. ఇట్లా అని చెప్తే పడీ పడీ నవ్వాడు. "కూసున్న జాగల నడుసుడు నీకే చెల్లింది పిల్లా" అన్నది అత్తమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం. మేం ముగ్గురం కలిసి నవ్వింది అదే ఆఖరేమో.

బతుకమ్మ పండుగ

ఆయాసం ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. ముందు బీడీల గంప ఎత్తుకొని కార్ఖానా మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగాల్సి వచ్చింది. తర్వాత బట్టలు పిండుతుంటే. తర్వాత వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందక, రెండు దిండ్లు వేసుకొని ఒరిగి పడుకునేదాన్ని. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. దగ్గు వచ్చేది. ఎవరిని అడిగినా ఒకటే జవాబు, పొగాకు పట్టిందని. ఊళ్ళో చూపిస్తే దగ్గు మందు సీసా ఇచ్చారు. అత్తమ్మ అయితే "మేం సుట్టలేదా బీడీలు? మాకు రాలేదా దగ్గు?" అని కొట్టిపారేసింది.

ఆయనకు చెప్పుకుందామంటే ఆయన ఫోన్లో నేను నిక్షేపంలా ఉన్నాను.

"మంచిగనే ఉన్నది గద సుజాతా. నేను రోజు చూస్తనే ఉన్న. గంత నడుస్తున్నవ్, నీకేమైతది?"

"అది నడక గాదయ్యా, బీడీలు. నీకు జెప్పలేదా?"

"అన్నీ బీడీలే అయితయా? నువ్వూకె మనసుల పెట్టుకుంటున్నవ్."

ఆ మాటకు ఫోన్ కట్ చేసి మూలకు కూర్చొని ఏడ్చాను. రెండేండ్లుగా నన్ను చూడని మనిషి, నాకంటే నా చేతికున్న వస్తువునే ఎక్కువ నమ్ముతున్నాడు. అత్తమ్మ నమ్మదు, ఆయన నమ్మడు. కొన్నాళ్ళకు నాకే నా మీద నమ్మకం పోయింది. నిజంగానే వేషాలు వేస్తున్నానేమో, పని తప్పించుకోవడానికి ఒళ్ళే సాకు వెతుక్కుంటుందేమో అనుకున్నాను. జబ్బు కంటే అది ఎక్కువ బాధ. ఊపిరాడక కూర్చున్న మనిషిని ఇంట్లో ఒక్కరైనా నమ్మాలి. గుర్తుపెట్టుకోండి, మీ ఇంట్లో ఎవరైనా ఆయాసం అంటే ముందు నమ్మండి, తర్వాత గడియారాలు చూసుకోవచ్చు.

సద్దుల బతుకమ్మ నాడు చీర కట్టుకొని, గాజులు నిండా వేసుకొని, గడియారం కూడా పెట్టుకొని పోయాను. వలయంలో నాలుగు చుట్లు తిరిగానో లేదో చేతికున్న గడియారం వణకడం మొదలుపెట్టింది. ఆగకుండా గుర్రుమంటోంది. అద్దం మీద ఎర్రగా ఇంగ్లీషులో ఏదో వచ్చింది. ఆయనే ఫోన్ చేస్తున్నాడనుకున్నాను. పండుగ నాడైనా వదలడు గదా ఈ మనిషి అని ఒళ్ళు మండి, విప్పేసి బొడ్లో దోపుకున్నాను. బొడ్లో కూడా వణికింది. చప్పట్లు కొడుతూ వంగి లేచాను. ఆ తర్వాత పూలు దగ్గరికొచ్చాయి, తంగేడు పూల పచ్చదనం కళ్ళ నిండా వచ్చింది. పడిపోయానని తర్వాత చెప్పారు.

కళ్ళు తెరిచేసరికి అత్తమ్మ ఒళ్ళో ఉన్నాను. "పొద్దటిసంది తిన్నవా ఏమన్న? తినవు, చెప్పితె ఇనవు" అని తిడుతూనే ఉంది. తిడుతూ కొంగుతో నా మొహం తుడుస్తోంది.

చలికాలం

అత్తమ్మ నన్ను కామారెడ్డిలో గుండె డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, బయట బెంచీల మీద మాకంటే ముందు చాలామంది ఉన్నారు. ఎల్లారెడ్డి నుంచి పొద్దున బస్సులో వచ్చి, ఏమీ తినకుండా, ఆ ఫినాయిలు వాసనలో కూర్చున్నాం. అట్లాంటి చోట ఎవరూ ఎవరి వైపూ చూడరు, అందరూ తలుపు వైపే చూస్తారు. పేరు పిలిచినప్పుడల్లా అందరి గుండెలూ ఒకసారి ఉలిక్కిపడతాయి.

నాకు చలి పెడుతోందని చూసి పక్కన కూర్చున్న బీబీపేటావిడ తన శాలువా తీసి నా భుజాల మీద కప్పింది. ఎవరో ఏమో, తన మొగుడికి చూపించడానికి వచ్చింది. నేను కళ్ళు మూసుకొని గోడకు ఆనుకున్నాను. నిద్రపోయాననుకొని అత్తమ్మతో మాట్లాడింది.

"నీ బిడ్డనా అవ్వా?"

"కోడలు."

"ఏమైందట పాపం?"

"గుండెనట. గీమె పోతే నా కొడుకేం గావాలె? ఆ పిల్ల పెండ్లెట్ల గావాలె? వాడాడ ఒక్కడు, నేనీడ ముసల్దాన్ని."

నేను కళ్ళు తెరవలేదు. గీమె పోతే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఒకే పొయ్యి మీద వండి ఒకే చాపమీద బీడీలు చుట్టిన మనిషి, కొడుకు గురించి బాధపడింది, మనవరాలి గురించి బాధపడింది. నా గురించి ఒక్క మాట రాలేదు. ఆ రోజు డాక్టరమ్మ ఏం చెప్పబోతుందోనన్న భయం కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. నేను పోతే వీళ్ళకు ఇబ్బంది, అంతే. నాకోసం ఏడ్చేవాళ్ళు ఈ ఇంట్లో లేరు. ఆ శాలువా కింద అదే అనుకుంటూ కూర్చున్నాను.

డాక్టరమ్మ పరీక్ష చేసి, "చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో జ్వరాలు వచ్చేవా?" అని అడిగింది. వచ్చేవి. మా అమ్మ ఆవనూనె రాసి పడుకోబెట్టేది. అప్పుడే గుండెలో ఒక కవాటం దెబ్బతిన్నదట, ఇన్నేండ్లలో అది సన్నబడుతూ వచ్చిందట. హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకోవాలంది. పొగాకు మాటే రాలేదు.

"మా ఆయన వాచీల చూసి మంచిగుందన్నడు మేడం" అన్నాను, నేరం చేసినట్టు.

ఆమె నా చెయ్యి పట్టుకొని గాజులనూ గడియారాన్నీ చూసింది. "ఉంచుకోండి, తప్పులేదు. కానీ మీ ఒంటి సంగతి ముందు మీరు చెప్పాలి, తర్వాతే ఇది."

ఆ సాయంత్రం మా ఆయన ఫోన్లో ఏడ్చాడు. "నిన్ను నమ్మకపోతి సుజాతా" అన్నాడు. లీవు అడుగుతానన్నాడు, అడిగాడు కూడా. పని ముగిసేదాకా పంపేది లేదన్నారట. నేను ఓదార్చాల్సి వచ్చింది. జబ్బు నాది, ఓదార్పు ఆయనకు. కోపం రాలేదు, అలసట వచ్చింది.

శివరాత్రికి ముందు

హైదరాబాద్ ఆసుపత్రిలో రోజులు ఎట్లా గడిచాయో వివరంగా చెప్పను. ఎదురుచూడడమే అక్కడి పని. రక్తం ఇచ్చేవాళ్ళ కోసం, కాగితం మీద సంతకం కోసం, మంచం కోసం అత్తమ్మ, శ్రావణి, నేను ఎదురుచూశాం. పక్క మంచం ఆమె ఒక పొద్దున స్ట్రెచర్ మీద పోయి తిరిగి రాలేదు. ఆమె పాలగ్లాసు కిటికీలో అట్లాగే ఉంది. దాని వైపు చూడకుండా ఉండడానికి నేను అటు తిరిగి పడుకున్నాను.

నా ఆపరేషన్ మరుసటి రోజన్నారు. మా ఆయనకూ అదే చెప్పాం. కానీ ఎవరి ఆపరేషనో ఆగిపోయి, ఒకరోజు ముందే, ఆ పొద్దున్నే నర్సు వచ్చి "మీరే పోవాలి ఇప్పుడు, ఒంటి మీద అన్నీ తీసెయ్యండి" అంది. ఏడవడానికి కూడా వ్యవధి లేదు. ఆయా ఒకామె వచ్చి నా తల దువ్వి, చిన్నపిల్లకు వేసినట్టు రెండు జడలు వేసింది. "జడ గట్టిగేస్తున్న, మళ్ళొచ్చి నువ్వే ఇప్పుకోవాలె" అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఆమెకు నేను ఏమీ ఇవ్వలేదు, పేరైనా అడగలేదు.

పుస్తెలు తీశాను, మెట్టెలు తీశాను, గడియారం తీశాను. గాజులు మాత్రం రాలేదు. చేతులు ఉబ్బి ఉన్నాయి. నర్సు కత్తెర లాంటిది తెచ్చి "పగలగొట్టేద్దాం, టైం లేదు" అంది.

అత్తమ్మ ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. "పగలగొట్టద్దు! నేను దీస్త. ఎవ్వలు ముట్టుకోవద్దు."

సబ్బు నీళ్ళు తెచ్చి నా చేతికి పూసి, ఒక్కొక్క గాజునూ వేళ్ళ కణుపుల మీదుగా మెల్లగా జార్చింది. నర్సు విసుక్కుంటోంది. లోపలి నుంచి ఎవరో కేకేస్తున్నారు. అత్తమ్మ వినిపించుకోలేదు. చర్మం గీరుకుపోయింది, నేను మూలిగాను. "ఊకో, ఊకో" అంటూనే తీసింది. ఒక్కటి కూడా పగలలేదు. అన్నిటినీ పుస్తెలతో, గడియారంతో కలిపి రుమాల్లో మూటగట్టి నడుముకు దోపుకుంది. అప్పుడు కూడా నేనేమనుకున్నానో తెలుసా? గాజు పగిలితే కొడుక్కి కీడని ఈమె భయం, నా భయం ఈమెకెందుకు అనుకున్నాను. స్ట్రెచర్ కదిలేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి నిలబడింది. అది మనసులో పెట్టుకొనే లోపలికి పోయాను.

ఎండలు

ఇంటికొచ్చేసరికి ఎండలు ముదిరాయి. బతికాను, సంతోషపడాలి కదా. అందరూ అదే అంటారు. నాకు మాత్రం ఊరికే ఏడుపొచ్చేది. పప్పు మాడితే ఏడుపు, పిట్ట అరిస్తే ఏడుపు. కొత్త కవాటం లోపల సన్నగా టిక్కుటిక్కుమంటుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే వినబడుతుంది. అది ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి బిగబట్టి వింటూ కూర్చునేదాన్ని. మాత్రలు జీవితాంతం మింగాలి. గంప ఎత్తకూడదు. చాట ముందు కాసేపు కూర్చుంటే రొమ్ము ఎముక గుంజుతుంది. ఇట్లాంటి ఆపరేషన్ అయినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే చెప్తున్నాను, ఆ ఏడుపు మీ ఒక్కరిదే కాదు. తగ్గుతుందట. నాకింకా పూర్తిగా తగ్గలేదు.

ఒకరోజు రేకుల కింద నీడలో కూర్చుంటే మా ఆయన ఫోన్ చేశాడు. మాటల్లో ఆపరేషన్ రోజు సంగతి తీశాడు.

"లోపల గూడ గడియారం ఉంచిండ్రు, నయం. ఆ పొద్దు నీ గుండె ఎంత ఉరికిందో తెలుసా? శ్రావణినడిగితే వరండాల నడుస్తున్నదన్నది. గిది నడక గాదని నా మనసుల గొట్టింది. తొట్టి దింపుమని కిందికొచ్చి కూసున్న. మధ్యాహ్నం దాంక నీ గుండె ఉరుకుతనే ఉండె. దాన్నే చూసుకుంట కూసున్న. ఉరికితే ఉరికింది, కొట్టుకుంటున్నది గద, బతికున్నది గద అనుకున్న."

నాకేమీ అర్థం కాలేదు. గడియారం నా చేతికి లేదు. అంతే కాదు, ఆ పొద్దున కవాటం మార్చేటప్పుడు నా గుండెను కాసేపు ఆపి పెట్టారని డాక్టర్లే నాకు తర్వాత చెప్పారు. ఆయన చూసిన గుండె ఎవరిది?

సెలవులకు ఇంటికొచ్చిన శ్రావణిని పిలిచి అడిగాను. ముందు నసిగింది, తర్వాత చెప్పింది.

"నిన్ను లోపటికి తీసుకపోంగనే నానమ్మ అన్నది, డాడీకి చెప్పొద్దు, గా తొట్టిల నిలవడి చేతులు వణుకుతయ్, కిందవడ్తడు, అయినంక చెప్పుదాం అని. గంతల్నే డాడీ ఫోన్ జేసిండు, అమ్మ చేతికి వాచీ లేదేంది అని. నానమ్మ మూట ఇప్పి, వాచీ దీసి, నా చేతికి కట్టు అన్నది. నేను కట్టుకుంట నానమ్మా అన్న. నువ్వేడుస్తున్నవ్, నీ గుండె గంతులేస్తది, వాడు బుగులు వడ్తడు, నాదైతే నిమ్మలంగ ఉంటది అన్నది."

"కట్టుకున్నదా? మీ నానమ్మనా?"

"కట్టుకున్నది. నువ్వు బయటికొచ్చేదాంక గట్లనే గూసున్నది. ఒక్క మాట మాట్లాడలే. ఏడ్వలే గూడ."

మామ పోయిన నాటి నుంచి దారప్పోగు కూడా తగలనివ్వని చెయ్యి అది. నా గుండె ఆగి ఉన్న ఆ కాసేపట్లో, ఆ చేతిలో ముసలి గుండె ఉరికింది. ఉరికి ఉరికి, సముద్రం అవతల కొడుకును తొట్టిలోంచి కిందికి దింపింది. నిమ్మలంగా ఉంటుందని ఆమె తన గుండె గురించి తానే అనుకుంది. నాకోసం ఎవరూ లేరని కామారెడ్డి బెంచీ మీద నేను ఎంత గట్టిగా అనుకున్నానో, ఆమె కూడా తనకు నా మీద అంత ప్రేమ లేదని అంతే గట్టిగా అనుకుందేమో. లోపలికి పోయి చాలాసేపు ఏడ్చాను. ఈసారి ఎందుకు ఏడుస్తున్నానో నాకు తెలుసు.

అత్తమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. పోయి పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆ రోజు గడియారం నువ్వు కట్టుకున్నవంట గద."

చేతులు ఆగలేదు. "వాడాడ బుగులు వడ్తడని కట్టుకున్న. అయితే ఏంది?"

"నిమ్మలంగ ఉంటదంటివంట. మరి గంతగనం ఎందుకు కొట్టుకుంది?"

కాసేపు రాళ్ళు ఏరింది. "నీ గడియారం ఖరాబైంది పిల్లా. కూసుంటే నడుస్తున్నమంటది. దాని మాట పట్టుకొని నన్నడుగుతవేంది?"

మా ఆయనకు అసలు సంగతి చెప్పాను. "అవ్వదా అది? అవ్వకియ్యి ఫోను" అన్నాడు. అత్తమ్మకు ఫోన్ చాపితే, చేతులకు దుమ్మున్నదని తీసుకోలేదు.

ఆయన ఇంకా రాలేదు. పని ఇంకా ముగియలేదంటున్నారు. నాకేమో మెట్లు చూస్తే ఇప్పటికీ భయమే. పోయిన వారం మళ్ళీ కామారెడ్డి పోయాం. అవే బెంచీలు, అదే ఫినాయిలు వాసన. నా పేరు పిలిచి, పరీక్షకు చేతులకున్నవన్నీ తీసి రమ్మన్నారు. ఇప్పుడు చేతులు సన్నబడ్డాయి, గాజులు వాటంతట అవే జారాయి. అత్తమ్మ వాటిని రుమాల్లో వేసుకుంది. గడియారం విప్పి, దాన్ని కూడా రుమాల్లోనే వేయబోయాను.

నేనేమీ అడగలేదు. ఆమె నా వైపు చూడకుండానే, చీరకొంగు పైకి జరిపి, ఆ బోడి చెయ్యి నా ముందుకు చాపింది.

కట్టాను. పట్టీ చివరి రంధ్రానికి పెట్టినా వదులుగానే ఉంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆమె గోడ వైపు మొహం పెట్టుకొని, ఆ చేతిని ఇంకో చేత్తో గట్టిగా అదిమి పట్టుకొని కూర్చుంది.